నేను సంతకం పెట్టిన జట్టు

మా మనుమరాలు ఫుట్‌బాల్ ఆడుతోందని నాకు సాక్సుల వల్ల తెలిసింది. దండెం మీద ఆరేసిన బట్టల మధ్య మోకాళ్ళ దాకా వచ్చే నీలం సాక్సుల జత ఒకటి వేలాడుతోంది. అంత పొడుగు సాక్సులు మా ఇంట్లో ఎవరికీ లేవు. నేను కొనివ్వను.

“ఇవెవరివే?”

“కాలేజీవి, బాపమ్మా.”

“కాలేజీ సాక్సులు మనింటి దండెం మీద ఎందుకున్నయ్?”

దాచిపెట్టడం దానికి రాదు. కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో చేరి నెల అవుతోందని, గోల్ దగ్గర నిలబడుతున్నానని, కొత్తగా ఒక మేడం వచ్చిందని, అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. రోజూ సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటున్నానని నాతో చెప్పిన పిల్ల.

ఆ జట్టు సంగతి చంద్రపూర్‌లో తెలియనిదెవరికి? ఆడిన ప్రతి ఆటా ఓడిపోయింది. పోయినేడు ఒక పోటీకి ఎనిమిది మందే వచ్చారట, ఆడకుండానే ఓడినట్టు రాసి పంపించేశారు. అప్పటి సారు హాజరు వేసి చాయ్ తాగడానికి పోయేవాడు. ఎట్లాగూ ఓడిపోయే పనికి బూట్లు అరగదీసుకోవడం, దెబ్బలు తగిలించుకోవడం నాకు నచ్చలేదు. అదీగాక సాయంత్రం పూట అది దుకాణంలో కూర్చుంటే మా కోడలికి కాస్త ఊపిరాడుతుంది. మా కొడుకు సాస్తి బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. వాడి షిఫ్టులు వాడివి. ఇంట్లో ఏది కావాలన్నా వద్దన్నా చెప్పేది నేనే.

“రేపు కాలేజీకి వచ్చి నీ పేరు కొట్టేపిస్త,” అన్నాను. అది తల వంచుకుని సాక్సులు తీసి మడత పెట్టింది. నోరెత్తలేదు. నోరెత్తకూడదని నేర్పింది నేనే.

ఇక్కడ నా చదువు సంగతి కొంత చెప్పాలి. నేను చదివింది మూడో తరగతి దాకా, అది కూడా ఆదిలాబాదు వైపు మా పుట్టినూళ్ళో, తెలుగు బళ్ళో. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మరాఠీ అక్షరాలు బస్సుల బోర్డుల మీద, దుకాణాల పేర్ల మీద చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. మాట్లాడడంలో ఎవరికీ తీసిపోను. చదవడం వేరు. కానీ గోనె సంచులు, తాళ్ళు అమ్మే మా దుకాణంలో కళ్ళద్దాలు పెట్టుకుని రసీదు పుస్తకం ముందు కూర్చునేదాన్ని కాబట్టి, నాకు అన్నీ వచ్చని వీధి అనుకుంది. ఒకామె రేషన్ కాగితం తెచ్చింది. ఇంకొకామె బ్యాంకుది తెచ్చింది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని తెలిసిన మాటలు ఏరుకుని, తెలియనివి ఊహించి చెప్పేదాన్ని. చాలాసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు తప్పు ఆఫీసుదే అనుకునేవారు. నలభై ఏళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఉన్నకొద్దీ చెప్పడం కష్టమైంది.

మర్నాడు కాలేజీకి పోయాను. ఆఫీసులో క్లర్కు తలెత్తకుండానే, “ఏం పని, ఆజీ?” అన్నాడు. ముసలివాళ్ళను ఇక్కడ అట్లాగే పిలుస్తారు.

“మా పిల్ల ఫుట్‌బాల్ సంగతి తేల్చుకుందామని వచ్చిన.”

“మంచిదైంది. అందరి తల్లిదండ్రుల కోసం రెండు వారాల నించి తిరుగుతున్నం. గీ కాగితం మీద సంతకం చేస్తే తేలిపోతది.”

కాగితం చూశాను. పైన పెద్ద అక్షరాలు: నా హరకత్ పత్ర. మన మాటల్లో హర్కత్ అంటే కోతి వేషాలు, ఉరుకులాటలు. పిల్లలు గెంతుతుంటే ‘హర్కతులు బంద్ చెయ్’ అంటాం. నా అంటే వద్దు. వేషాలు వద్దనే కాగితం. నాలాగా వద్దనడానికి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట, కాగితం అచ్చు వేయించి పెట్టారు అనుకున్నాను. కింద రెండు పేరాలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి కదిపాను, చదివినట్టు. పిల్ల పేరు దొరికింది. కింద సంతకం చేశాను. క్లర్కు ముద్ర కొట్టాడు. “మీ అసుంటోళ్ళు పది మంది ఉంటే చాలు,” అన్నాడు. నాకు సంతోషమే అయింది.

ఇంటికి వచ్చి కోడలితో, సాయంత్రం దుకాణం ముందుకు వచ్చిన నలుగురు ఆడవాళ్ళతో చెప్పాను, ఆ కాలేజీ ఆట సంగతి తేల్చేసి వచ్చానని. ఎటు తేల్చానో విడిగా చెప్పలేదు. నేను ఎటు తేలుస్తానో వీధికి తెలుసు.

మూడో రోజు సాయంత్రం అయిదింటికి దుకాణంలో బస్తాలు మడత వేస్తున్నాం. పక్కింటామె కూడా ఉంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళు. ఒక్కతే కూతురు, మా మనుమరాలి కాలేజీయే. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. అప్పుడు వచ్చింది మా మనుమరాలు, మట్టి కాళ్ళతో, ముఖమంతా వెలుగుతో.

“బాపమ్మా, మేడం నీ సంతకం చూసి మస్తు ఖుష్ అయింది. అందరికన్న ముందు నీదే వచ్చిందట. ‘మీ ఆజీ లాంటామె ఒక్కతి ఉంటే టీమ్ నిలబడతది’ అన్నది.”

నా చేతిలో బస్తా అట్లాగే ఉంది.

“ఏం సంతకం?” అంది కోడలు.

“ఆడొచ్చు అని. ఒప్పుకున్నట్టు.” అది నా వైపు చూసింది. “నువ్వు నిజంగనే ఒప్పుకుంటవనుకోలే బాపమ్మా.”

పక్కింటామె బస్తా పక్కన పడేసి నవ్వింది. “నువ్వు గూడ ఒప్పుకున్నవా అక్కా? మా పోరి నెల రోజుల నించి నా పానం తీస్తున్నది, అక్క ఒప్పుకోని ఆటకు నేనెట్ల పంపాలె అని ఆగిన. నువ్వే చదివి సంతకం పెట్టినంక నాకేం భయం? రేపే పంపిస్త.”

ఆ క్షణం రెండే మాటలు ఉన్నాయి నాకు. ఒకటి, ‘నేను చూసుకోకుండా సంతకం పెట్టాను, నాకు మరాఠీ చదవడం రాదు.’ రెండోది, “ఆఁ, ఒప్పుకున్న. అయితే ఏంది?” నేను రెండోదే అన్నాను. అంత గట్టిగా అన్నాను కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు.

తర్వాత అన్నం తినేటప్పుడు కొడుకును మామూలుగా అడిగాను, “మరాఠీల హర్కత్ అంటే ఏందిరా?”

“అభ్యంతరం, అమ్మా. నా హర్కత్ అంటే అభ్యంతరం లేదని. ఎందుకు?”

“ఊకనే,” అన్నాను.

మా పిల్లతో కలిపి జట్టులో పది మంది. పక్కింటి పిల్లతో పదకొండు. అంతకన్నా ఒక్కరు కూడా లేరు. ఈసారి పదకొండు మంది తేలకపోతే జట్టే తీసేస్తామని కాలేజీ చెప్పిందట. ఇప్పుడు నేను వెనక్కి పోతే రెండు పేర్లు పోతాయి. జట్టు పోతుంది. పోవడానికి కారణం నా చదువు అని వీధంతా తెలుస్తుంది. నాకు ఏ దారీ కనిపించలేదు.

ఆ కాగితంలో ఇంకో వాక్యం ఉందట. మైదానం కాలేజీ వెనకాల ఊరి చివర ఉంటుంది కాబట్టి పిలిస్తే ఇంటి నుంచి ఒక పెద్ద ఆడమనిషి వచ్చి కూర్చోవాలట. మేడం నన్నే మొదట పిలిచింది. “మీ పేరే పైన ఉంది, ఆజీ.” దానికి కూడా సంతకం పెట్టిందాన్ని నేనే.

అట్లా రోజూ సాయంత్రం నేను ఆ మైదానం అంచున రాతి గట్టు మీద కూర్చోవడం మొదలైంది. బొగ్గు పొడి కలిసిన దుమ్ము. గడ్డి ఒక మూలన మాత్రం ఉంది, మిగతాది గట్టి నేల. దుకాణంలో ఉంటే పది బస్తాలు కుట్టేదాన్ని కదా అని లెక్క వేసుకుంటూ కూర్చునేదాన్ని. కొద్ది రోజులకు దబ్బనం, సుతిలి దారం తెచ్చుకుని అక్కడే చిరిగిన బస్తాలు కుట్టడం మొదలుపెట్టాను. ఉత్త చేతులతో కూర్చోవడం నాకు రాదు.

కొత్త మేడం వార్ధా వైపు మనిషి. ముప్పై దాటి ఉంటాయి. పొట్టి. కుడి మోకాలి మీద పొడుగాటి కుట్ల మచ్చ. నాతో మరాఠీలోనే మాట్లాడేది, నేనూ అంతే. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను. ఆమె మొదటి మూడు వారాలు పిల్లలకు బంతి ఇవ్వలేదు. పిల్లలు గునిసేవారు. విసాపూర్ నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి, “బంతి చూడనీకి గూడ టికెట్ కొనాలెనా మేడం?” అంది. మేడం నవ్వకుండా, “కొను,” అంది.

బంతికి బదులు ఆమె తాడు తెచ్చింది. వెనక వరుసలో ఆడే నలుగురిని నడుముకు తాడు కట్టి ఒకరికొకరిని కలిపింది. ఒకతి కుడికి పోతే నలుగురూ కుడికి పోవాలి. ఒకతి ఆగితే నలుగురూ ఆగాలి. మొదటి రోజు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకతి బెంగాలీలో తిట్టింది, ఇంకొకతి గోండిలో. అర్థం కాకపోయినా తిట్టే అని తెలుస్తుంది. ఈ నలుగురు ఇన్నాళ్ళూ ఎవరికి వారే బంతి వెనక పరిగెత్తేవారట, వెనకాల గోల్ ఖాళీగా ఉండేదట.

నేను ఊరుకోలేకపోయాను. “మేడం, అది నైలాన్ తాడు. నడుము కోస్తది. ముడి గూడ తప్పేసినవ్, గుంజితే బిగుసుకుంటది.”

“మరి ఏ తాడు, ఆజీ?”

మర్నాడు దుకాణంలో మిగిలిపోయిన నూలు తాడు ముక్కలు తెచ్చాను. అమ్ముడుపోని కొసలు, పారేసేవి కావు. బస్తాల బండికి కట్టే ముడి వేశాను, గుంజినా బిగుసుకోదు, విప్పితే ఒక్క చేత్తో ఊడిపోతుంది. మేడం రెండుసార్లు వేయించుకుని నేర్చుకుంది. పిల్లలు ఆ రోజు నుంచి నన్ను ‘తాడు ఆజీ’ అనేవారు, నాకు వినపడేటట్టే.

కట్టిన తాడు తెగకుండా, బిగుసుకోకుండా నలుగురు పిల్లలూ ఒక్కటిగా కదలడానికి నెల పట్టింది. తర్వాత తాడు తీసేసినా అట్లాగే కదిలారు. అది చూసినప్పుడు నాకు మంచిగానే అనిపించింది. పని తెలిసిన మనిషి ఈ మేడం. అయినా గట్టు మీద కూర్చున్నప్పుడల్లా లేచిపోదామనిపించేది. ఎందుకంటే పిల్లల తల్లులు వచ్చి పలకరించేవారు. “మీరు చదువుకున్నోళ్ళు, అందుకే ఒప్పుకున్నరు,” అనేవారు.

బల్లార్షాలో మొదటి ఆట. పక్కింటామె, నేను కలిసి పోయాం. ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. వెనక నలుగురూ మంచిగానే కదిలారు కానీ ఎటు కదలాలో వాళ్ళకు తెలియలేదు. బంతి ముందు ఉంటే వీపు వెనక నుంచి వచ్చే ఎదుటి జట్టు పిల్లలు వాళ్ళకు కనిపించరు. అందరూ కనిపించేది గోల్ దగ్గర నిలబడ్డ మా పిల్ల ఒక్కదానికే. అది చూస్తోంది, చేతులు చాపుతోంది, నోరు మాత్రం తెరవడం లేదు.

ఆట అయ్యాక మేడం నా దగ్గరికి వచ్చింది. “ఆజీ, మీ పిల్లకు చేతులు బంగారం. గొంతే లేదు. వెనక నించి చూసేది ఆమె ఒక్కతే. చూసింది చెప్పకపోతే ముందున్నోళ్ళందరు గుడ్డోళ్ళే. మీరు చెప్పండి. నా మాట వింటది గానీ గొంతు రాదు.”

ఆ గొంతు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆడపిల్ల మాట వాకిలి దాటి వినబడకూడదని చిన్నప్పటి నుంచి గరిటె చూపించి పెంచాను. నవ్వినా చూపించాను.

వచ్చేటప్పుడు బస్సులో దాని పక్కన కూర్చుని, “రేపటి సంది అరువు,” అన్నాను.

అది నమ్మనట్టు చూసింది. “ఏమని అరవాలె?”

“నీకేం కనవడితే అది. ఎడమకు రా అంటవో, ఎనుకకు పో అంటవో. మేడం అదే అంటున్నది.”

“తప్పు చెప్తే?”

“తప్పెందుకు చెప్తవ్?”

“చెప్తే, బాపమ్మా. ఎడమకు అని అరిస్త. వాళ్ళు నా మాట నమ్మి ఎడమకు పోతరు. బంతి కుడి నించి వస్తది. గప్పుడు? వాళ్ళకు తెల్వదు గదా నాకు సక్కగ కనవడలేదని.”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అది నా జవాబు కోసం చాలాసేపు చూసింది, తర్వాత నిద్రపోయింది.

ఆ తర్వాత వారం కాలేజీ గోడ మీద నోటీసు అంటించారు, బూట్ల సైజులు ఫలానా తారీఖు లోపల ఇవ్వాలని. పిల్లలు గుంపుగా చదువుతుంటే నేనూ నిలబడ్డాను. తారీఖు అంకె కనిపించింది. దానికి అతుక్కుని ‘పూర్వీ’ అన్న మాట.

“పదిహేనో తారీఖు ఇవ్వాలెనన్నమాట,” అన్నాను.

మా మనుమరాలు, “కాదు బాపమ్మా, తారఖే పూర్వీ అంటే ఆ తారీఖు కన్న ముందే. పదిహేను నాడు పోతే తీసుకోరు,” అంది.

మనకు పూర్వం అంటే వెనకటి కాలం. నేను ఆ మాట ఇంతకు ముందు కూడా చూశాను. నాలుగేళ్ళ కింద పక్కింటామె కూతురికి వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో సీటు కోసం వచ్చిన కాగితం నాతోనే చదివించుకుంది. తారీఖు అంకె చదివాను. పక్కనున్న పూర్వీ ఎందుకుందో అర్థం కాక వదిలేశాను. ఆమె సరిగ్గా ఆ తారీఖు నాడే పోయింది. నిన్ననే అయిపోయిందని పంపించేశారు. దుకాణం ముందు కూర్చుని ఏడ్చింది. నేను ఆ ఆఫీసువాళ్ళు దొంగలని తిట్టాను, గట్టిగా, నలుగురు వినేటట్టు. అందుకే ఆ పిల్ల ఇక్కడి కాలేజీలో చదువుతోంది.

ఆ రోజు నుంచి ఒక్కొక్క కాగితం గుర్తుకు రావడం మొదలైంది. గట్టు మీద కూర్చుంటే అవే. కొన్ని రోజులకు పక్కింటామె ఏదో కరెంటు ఆఫీసు కాగితం తెచ్చింది.

“కండ్లు కనవడ్తలేవు చెల్లె. ఇంకెవరితోనన్న చదివించుకో.”

“అద్దాలు ముక్కు మీదనే ఉన్నయ్ గద అక్కా.”

“కనవడ్తలేవన్న కదా.”

ఆమె కాగితం మడిచి కొంగున పెట్టుకుని పోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. నాకు కోపం వచ్చిందని అనుకుంది.

చలికాలం మొదలయ్యేసరికి జట్టు మారింది. గెలవలేదు. కానీ ఏడు గోల్స్ తేడా మూడుకు వచ్చింది, తర్వాత ఒకటికి. మా పిల్ల గొంతు ముందు గొణుగుడులా వచ్చేది. మేడం దాన్ని గోల్ దగ్గర నిలబెట్టి తాను మైదానం అవతలి చివర నిలబడి, “వినపడలే,” అనేది. నలభైసార్లు అనేది. వినపడేదాకా ఇంటికి పోనిచ్చేది కాదు. నేను బస్తా కుట్టుకుంటూ వినేదాన్ని.

నాగపూర్‌లో కాలేజీల పోటీకి పేరు పంపాల్సిన రోజు వచ్చింది. మూడు రోజులు అక్కడే ఉండాలి కాబట్టి కొత్త కాగితాలు. సాయంత్రం అయిదారుగురు తల్లులు మైదానానికి వచ్చారు. మేడంకు ప్రిన్సిపాల్ నుంచి ఫోను వచ్చింది. కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టి, “ఆజీ, మీరు వీళ్ళకు చదివి చెప్పండి, నేనిప్పుడే వస్తా,” అంది.

“మా అక్కకు వేరే చెప్పాల్నా? ఈదిల ఎవరి కాగితమైనా ఆమెనే చదువుతది,” అని పక్కింటామె నా పక్కనే కూర్చుంది. మాట్లాడడం మళ్ళీ మొదలుపెట్టిందన్నమాట.

కాగితం నిండా చిన్న అక్షరాలు. మొదటి వరుస చదివాను. రెండో వరుసలో మూడో మాట దగ్గర ఆగిపోయాను. తల్లులు ఎదురు చూస్తున్నారు. ఊహించి చెప్పడం నాకు చేతనైన పనే. బస్సు, బస, భోజనం, అవే ఉంటాయి. చెప్తే అందరూ సంతకాలు పెట్టి పోతారు. గోల్ దగ్గర మా పిల్ల ఎదురుగా వచ్చే బంతులు చూస్తూ, “కుడికి, కుడికి,” అని అరుస్తోంది. ఆ మాట నమ్మి కుడికి పోయింది పక్కింటి పిల్ల.

మేడం తిరిగి వచ్చింది. “అయిందా?”

“నాకు రాదు,” అన్నాను.

“అద్దాలు తెచ్చుకోలేదా?”

“అద్దాలు కాదు. చదువుడు రాదు. అక్షరాలు వస్తయ్, కాగితం రాదు. మొదటి కాగితం గూడ నేను వద్దనుడే అనుకుని సంతకం పెట్టిన. దీన్ని మాన్పించనీకి వచ్చిన ఆనాడు.”

దూరంగా పిల్లలు అరుస్తున్నారు. పక్కింటామె నా ముఖం వైపు చూడడం నాకు తెలుస్తోంది. నేను అటు తిరగలేదు.

మేడం నేల మీద నా ఎదురుగా కూర్చుంది. “అంటే మీకు ఒప్పుదల లేదు. లేకపోతే ఆమె పేరు నేను పంపలేను ఆజీ. తెలిసి పంపితే తప్పు నాది అయితది. పది మందితో నాగపూర్ పోయేది లేదు. ఇప్పుడు చెప్పండి. ఆరింటికల్ల పేర్లు పోవాలె.”

తెలియక ఒప్పుకున్నప్పుడు అయినా కొంత సుఖం ఉంది. ఇప్పుడు అన్నీ తెలిసి చెప్పాలి. దెబ్బలు తగలడం చూశాను. ఓడిపోవడం చూశాను. అవి ఇంకా నాకు ఇష్టం లేవు.

“చదువు,” అన్నాను. “ఒక్కొక్క మాట చదివి, అర్థం చెప్పు. తొందర చెయ్యకు.”

చదివింది. నేను మాట మాటకూ ఆపాను. నాలుగో వరుసలో, “గాయమైతే కాలేజీకి జవాబుదారీ లేదు,” అని వచ్చింది.

“మరి ఎవరికున్నది?”

“ఇంటోళ్ళకు. అన్ని కాలేజీలు గట్లనే రాస్తయ్.”

“నువ్వు తీస్కపోతున్నవ్. ఇంటోళ్ళు ఈడ ఉంటరు. నీ చేత్తోని రాయి, దెబ్బ తగిలితే దవాఖానకు నువ్వు తీస్కపోతవని, మేము వచ్చేదాక పక్కనే ఉంటవని.”

ఆమె పెన్ను తీసి కాగితం అంచున రాసింది, చదివి వినిపించింది, కింద తన సంతకం పెట్టింది. మిగతా తల్లులు, “మాదాంట్ల గూడ రాయి మేడం,” అన్నారు. పదకొండు కాగితాల మీద రాసింది. నేను సంతకం పెట్టాను.

పక్కింటామె మాత్రం తన కాగితం పట్టుకుని కూతురిని మైదానంలోంచి పిలిచింది. మేడం ఇప్పుడే చదివింది కదా అనలేదు ఎవరూ. ఆ పిల్ల రొప్పుతూ వచ్చి మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివింది. ఆమె విని, ఆ తర్వాతే సంతకం చేసింది.

ఇంటికి కలిసే నడిచాం. దారి ఒకటే కాబట్టి. సగం దూరం పోయాక అడిగింది.

“అక్కా. ఆ హాస్టల్ కాగితం గూడ నువ్వే చదివినవ్.”

“అవును.”

“సక్కగ చదివినవా?”

“లేదు. ఆ తారీఖు కన్న ముందుగాల రమ్మని ఉన్నదట. నాకు ఈ మధ్యన్నే తెలిసింది.”

ఆమె నడక ఆపలేదు. “నాలుగేండ్లు,” అంది. “పొద్దున లేస్తె ఆ క్లర్కును తిట్టుకున్న.” నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తన ఇంటి తలుపు తెరుచుకుని లోపలికి పోయింది.

నాగపూర్‌లో మూడు రోజులు పక్కింటామె, నేను ఇద్దరం ఉన్నాం, పిల్లలతో పాటు ఒకే గదిలో, మధ్యలో నాలుగు చాపలు. మొదటి ఆట చెరొక గోల్‌తో సమానమైంది. మా గోల్ వేసింది ఆమె కూతురే. రెండోది ఒక్క గోల్‌తో ఓడిపోయారు. మూడోది గెలిచారు. పిల్లలు మేడంను ఎత్తబోయి కింద పడేశారు. మా మనుమరాలికి గొంతు పూర్తిగా పోయింది, వారం దాకా గుసగుసలే. ఎవరికీ దెబ్బలు తగలలేదు. వచ్చే ఏడు కూడా జట్టు ఉంటుందని కాలేజీ చెప్పింది.

మా దుకాణానికి ఇప్పుడు కాగితాలు రావు. వీధికి సంగతి ఎట్లా పాకిందో నేను అడగలేదు. నేను లేనప్పుడు బస్తాల మీద కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్ళు నేను రాగానే వేరే మాట ఎత్తుతారు.

మొన్న, గట్టు మీద కూర్చోవడం ఇంకో తల్లి వంతైన రోజు, పక్కింటామె వచ్చింది. నాగపూర్ నుంచి వచ్చాక మా గుమ్మం ఎక్కడం అదే మొదలు. చేతిలో కవరు ఉంది. తన కూతురు కూడా ఇంట్లో లేదట. నేను అలవాటున కళ్ళద్దాల కోసం చెయ్యి చాపాను.

“నువ్వొద్దు,” అంది. “నీ మనుమరాలిని పిలువు.”

“అది కూడ ప్రాక్టీసులనే ఉన్నది.”

ఆమె కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత వచ్చి మడత పెట్టిన బస్తాల మీద కూర్చుంది, కవరు ఒళ్ళో పెట్టుకుని. “వచ్చేదాక కూసుంట,” అంది.

చాయ్ పెట్టమని కోడలికి చెప్పాను. ఆమె వద్దనలేదు, తాగుతాననీ అనలేదు. కవరు మీద నల్లటి ముద్ర ఉంది, రెండు మాటలు నాకు చదవడానికి వస్తున్నాయి. చదవలేదు. దబ్బనం తీసుకుని కుట్టడం మొదలుపెట్టాను. కొత్త ఆటల కోసం మేడం ఇప్పుడు ఆరున్నర దాకా వదలడం లేదు. గోడ గడియారంలో అప్పటికి అయిదు కూడా కాలేదు.